దేవుడమ్మ అటక దించింది

జగదల్‌పూర్‌లో రైల్వే కాలనీ వెనక వీధిలో ఎవరికి ఏం కావాలన్నా ముందు దేవుడమ్మ తలుపే తట్టేవాళ్లు. కాలు విరిగితే చంకకర్రలు, పెళ్లికి గుండిగ, బిడ్డ పుడితే ఉయ్యాల, క్రిస్మస్‌కి గుమ్మానికి కట్టే నక్షత్రం. అడిగితే చాలు, "ఉంది, ఉండు" అని స్టూలు లాక్కుని అటక మీద చెయ్యి పెట్టేది. ఆ చెయ్యి వట్టిదే కిందికి రావడం వీధిలో ఎవరూ చూడలేదు.

ఈ అలవాటు ఆవిడకి కిరండూల్ రైలు లైను నేర్పింది. పెళ్లయి విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చేసరికి భర్త ఏలియా పట్టాల మరమ్మతు గ్యాంగులో ఉండేవాడు. ఎక్కడెక్కడో అడవిలో చిన్న చిన్న స్టేషన్లు, వాటి పక్కన రెండు గదుల క్వార్టర్లు. ఒక మేకు కావాలన్నా బండెక్కి పోవాలి. అందుకని వచ్చిన డబ్బా వచ్చినట్టే కడిగి దాచేది. ఏలియా రిటైరయ్యాక మేడిల్లు కొనుక్కున్నారు. కింద హాలు, వంటిల్లు, మెట్ల కింద చిన్న గది. మేడ మీద పడకగదులు. ఎటు చూసినా అలమరలూ అటకలూ. చూడగానే దేవుడమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదు. రెండు వీధుల అవతల ఒకే అంతస్తులో చిన్న ఇల్లు దొరికింది. అది కొనాలంటే ఇది అమ్మాలి.

మొదట ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. మెట్ల కింది గది తలుపు తీశాడు. లోపలున్న అల్యూమినియం మూతలన్నీ గలగలమని ఆయన పాదాల మీదికి దూకాయి. ఒకటి దొర్లుకుంటూ గేటు దాటింది. ఆయన దాని వెనకే వెళ్లాడు. మూతని వీధిలో పిల్లలు తెచ్చిచ్చారు గానీ ఆయన మళ్లీ రాలేదు. తర్వాత వచ్చిన ఒకావిడ ప్రతి అలమరా తీసి చూసి, "సబ్ తో భరా హై. అన్నీ నిండే ఉన్నాయి, మా సామాను ఎక్కడ పెట్టుకోవాలి?" అని వెళ్లిపోయింది.

ఊళ్లోనే ఆస్పత్రిలో నర్సుగా చేసే కూతురు గ్రేసీ, సెలవు పెట్టుకుని వచ్చింది.

"అమ్మా, కొనేవాళ్లు ఇల్లు చూడ్డానికొస్తారు, నీ డబ్బాలు చూడ్డానికి కాదు. ప్రతి అలమరా సగం ఖాళీగా ఉండాలి. అప్పుడే జాగా ఉందనిపిస్తాది."

"జాగా ఉండబట్టే కదేటే ఇన్ని పట్టాయి?" అంది దేవుడమ్మ.

గ్రేసీ చున్నీ నడుముకి బిగించి హాల్లో మూడు కుప్పలు పెట్టమంది. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి. సాయంత్రానికి ఉంచే కుప్ప కిటికీని మూసేసింది. ఇచ్చే కుప్పలో చెవి విరిగిన కప్పు ఒకటుంది. పారేసే కుప్పలో ఏలియా చొక్కా ఒక్కటే ఉంది. ఆయన దాన్ని పొద్దున్నించీ వెతుక్కుంటున్నాడు.

"ఓలమ్మ! నాను రోజూ తొడుక్కునే సొక్కా!"

"కాలరు సిరిగిపోనాది గ్రేసీ నాన్నా, అందుకే."

"మరి ఉంచే కుప్పలో ఆ గొడుగు ఊసలు?"

"ఊసలు సిరగవు కదా."

గ్రేసీ తల పట్టుకుని కూర్చుంది. "శనివారం బచేలీ నుంచి రాజేశ్వరరావుగారని గనుల ఉద్యోగి, ఆయన భార్యా వస్తున్నారు. ఈ బేరం కూడా పోతే ఆ చిన్న ఇల్లు వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు. నీ ఇష్టం."

ఆ మాట పనిచేసింది. శుక్రవారం పొద్దున్నే దేవుడమ్మ వీధిలోకి వెళ్లి, ఒక్కో ఇంటి ముందు ఆగి, ఒక్కటే మాట చెప్పింది. "రెండు రోజులు దాచండి." ఆవిడ దగ్గర ఏదో ఒకటి తీసుకెళ్లని ఇల్లు లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. ఆటో నడిపే హిడ్మా ఉయ్యాల, గొడుగులు, దోమతెరలు, పెద్ద ట్రంకుపెట్టె తన ఆటోలోనే తీసుకెళ్లాడు. టిఫిను బండి సుమన్ గుండిగలూ ఇడ్లీ పాత్రలూ మూతలూ పట్టుకుపోయాడు. చంకకర్రలు ఎదురింటికి, కుట్టుమిషను పక్కింటికి. ఏలియా అటక తుడిచి, దాని గోడ పచ్చరంగని ఇన్నేళ్లకి తెలుసుకున్నాడు.

శనివారం రాజేశ్వరరావు, శాంతిప్రియ వచ్చారు. ఆయన గోడలు తట్టి చూస్తుంటే ఆవిడ అలమరలు తీసి చూసింది. ఒక అరలో నాలుగు పళ్లాలు. ఒక అరలో రెండు దుప్పట్లు. మెట్ల కింద ఒక చీపురు.

"ఇంత కొంచెం సామానుతో ఎలా బతుకుతున్నారండీ మీరు!" అంది శాంతిప్రియ ముచ్చటపడి.

"మనిసికేటి కావాలమ్మా," అంది దేవుడమ్మ నెమ్మదిగా. వెనక గ్రేసీ దగ్గింది.

అంతవరకూ బాగానే నడిచింది. మేడ దిగుతుండగా శాంతిప్రియ చెప్పు పట్టీ తెగింది.

"అయ్యో, దబ్బనం ఏమైనా ఉందా అండీ?"

"ఉంది, ఉండు!" అనేసింది దేవుడమ్మ. అన్నాక గుర్తొచ్చింది. వెనక గుమ్మంలోంచి పక్కింటికి వెళ్లి దబ్బనం, మైనం పూసిన దారం తెచ్చింది. చెప్పు కుడుతుండగా రాజేశ్వరరావు కళ్లజోడు స్క్రూ ఊడి కింద పడింది. ఆయన అడగనే లేదు. ఈసారి దేవుడమ్మ ముందు గుమ్మంలోంచే ఎదురింటికి పోయి చిన్న స్క్రూడ్రైవరుతో వచ్చింది. గ్రేసీ కళ్లతోనే వద్దంటోంది. ఈలోగా వాన మొదలైంది. "కారు దాకా గొడుగు..." అని ఆయన నోరు తెరిచేసరికి ఆవిడ వానలోనే హిడ్మా ఇంటి వైపు నడిచింది.

గొడుగులు చంకలో పెట్టుకుని హిడ్మాయే తెచ్చాడు. "అమ్మా, ఏది కావాలో చూసుకో. అన్నీ నీవే గదా."

శాంతిప్రియ గొడుగుల వైపు చూసింది. దేవుడమ్మ వైపు చూసింది. "మీ సామానంతా ఎక్కడుందండీ?"

దేవుడమ్మ తడిసిన చెంగు పిండుకుంది. "వీధంతా ఉందమ్మా," అంది.

గ్రేసీ ముఖం ఎర్రబడింది. ఏలియా పైకప్పు వైపు చూశాడు. శాంతిప్రియ మాత్రం మెట్ల మీద కూలబడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మా అత్తగారి ఇత్తడి, మా అమ్మ ఇత్తడి, పిల్లల పాత పుస్తకాలు, అన్నీ నా దగ్గరే ఉన్నాయండీ. ఖాళీ అలమర చూపిస్తే నాకేం తెలుస్తుంది? నిండుగా చూపించండి. మీవి పట్టాయంటే నావీ పడతాయి."

"వద్దులే, వానలో ఎందుకు," అన్నాడు రాజేశ్వరరావు. ఎవరూ వినలేదు.

వాన తగ్గగానే వీధి కదిలింది. హిడ్మా ఆటో రెండు ట్రిప్పులు వేసింది. శాంతిప్రియ కొంగు దోపుకుని స్టూలెక్కి అందుకుంటుంటే, దేవుడమ్మ కింద నిలబడి చెప్పింది. "పెట్టెలు గోడకి ఆనించమ్మా. వాటి మీద దుప్పట్లు. మూతలు నిలబెట్టు, పడుకోబెట్టకు."

అయితే అన్నీ రాలేదు. దేవుడమ్మ అడగబోతే హిడ్మా తల గోక్కున్నాడు. రాత్రి వాళ్ల చంటిది ఆ ఉయ్యాల్లో ఏడవకుండా పడుకుందట. సుమన్ ఇడ్లీ పాత్ర అప్పుడే పొయ్యి మీద ఉంది. "ఆంటీ, శామ్ కో లౌటా దూఁగా, సాయంత్రం తిరిగిచ్చేస్తా," అన్నాడు, ఆవిరిలోంచి ముఖం బయటపెట్టకుండానే. పక్కింటి కోడలు కుట్టుమిషను మీద జాకెట్టు సగం కుట్టేసింది.

దేవుడమ్మ పక్కింటి గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆ మిషను చప్పుడు విని ఎన్నేళ్లయిందో. తన దగ్గర అది గోనెపట్టా కింద ఊరికే ఉంది.

"తేవద్దులే," అంది. "మిషనుకి నూనె ఎయ్యి. దాహంతో ఉంది పాపం."

తర్వాత హిడ్మాకీ సుమన్‌కీ అదే చెప్పింది. గ్రేసీ వింటూ నోరెళ్లబెట్టింది.

ఇల్లు అమ్ముడైంది. కొత్త ఇంట్లోకి సామాను హిడ్మా ఆటోలో ఎంత పట్టిందో అంతే వెళ్లింది. మిగిలింది వీధి తీసుకుంది. గొడుగు ఊసల్ని సుమన్ బండి చుట్టూ కంచెలా గుచ్చాడు. ఏలియా చొక్కా మాత్రం ఏ కుప్పలోంచి ఎటు పోయిందో తేలలేదు. దేవుడమ్మ కొత్తది కొనిచ్చింది.

శాంతిప్రియ సామాను లారీ దిగిన రోజున దేవుడమ్మ పొద్దున్నే అక్కడికెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఇత్తడంతా అటకెక్కేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడే ఎవరో గేటు తీసుకుని వచ్చి, చుట్టాలొచ్చారు, పెద్ద గిన్నె ఉంటే ఇమ్మని అడిగారు. దేవుడమ్మ నోరు తెరవబోయి ఆగింది.

"ఉంది, ఉండండి," అని శాంతిప్రియ స్టూలు లాక్కుంది.