చింతపండు గోదాంలో మొదటి పాట

మా అమ్మాయి స్కూటీ కొనుక్కుంటానంటే ఈ మధ్య జగదల్‌పూర్‌లో తనతో పాటు షోరూంకి వెళ్లాను. బయట బోర్డు మీద హిందీ అక్షరాలను కూడబలుక్కుని చదివాను. ముసలితనంలో చదువు వచ్చినదాన్ని కాబట్టి, కనిపించిన బోర్డునల్లా చదవనిదే కాలు కదలదు. లోపల అద్దాలు, చల్లగాలి, వరసగా నిలబెట్టిన బండ్లు. తలెత్తి చూస్తే పైన అదే రేకుల కప్పు, అవే ఇనుప దూలాలు. తెల్లరంగు వేశారు, అంతే. ఇక్కడ ముందు ఏముండేదో తెలుసా అని బండ్లు చూపించే ఆయనను అడిగాను. ఏమీ లేదమ్మా, ఖాళీ గోదాం అన్నాడు.

ఖాళీ గోదామట! ఇంటికి వచ్చి పెన్ను పట్టుకున్నది అందుకే.

అది ఒక తెలుగు షావుకారు గోదాం. ఎండాకాలం వచ్చిందంటే అడవి ఊళ్ల నుంచి చింతపండు బస్తాలు దిగేవి. మేము ఆడకూలీలం వరసగా కూర్చుని, పండు కొట్టి గింజ తీసేవాళ్లం. వానలు మొదలయ్యేసరికి సరుకంతా లారీలెక్కి వెళ్లిపోయేది. షావుకారు తమ్ముడికి హార్మోనియం పిచ్చి. చిన్న షావుకారు అనేవాళ్లం ఆయనను. గోదాం ఖాళీ కావడం ఆలస్యం, నేల కడిగించి, గోనెపట్టాలు పరిపించి, ఆదివారం సంత ముగిసే వేళకు పాటల జనాన్ని పోగు చేసేవాడు. కిరాణా కొట్ల తెలుగువాళ్లు వచ్చేవాళ్లు, గిటారు పట్టుకుని ఒక హిందీ పంతులు వచ్చేవాడు, మోహరి సన్నాయి ఊదే, హల్బీ భాష మాట్లాడే అడవి ఊళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. టికెట్టు లేదు, పేరు లేదు. గోదాంకు పోదామా అంటే పాటలకనే అర్థం. ఎంత కడిగినా గోడలకు పట్టిన చింతపండు వాసన పోయేది కాదు. కొత్తగా వచ్చిన పాటగాళ్లకు నోట్లో నీళ్లూరి, పల్లవి మధ్యలో గుటకలు వేసేవాళ్లు. మేము వెనక నవ్వుకునేవాళ్లం. మళ్లీ కొత్త చింతపండు దిగే దాకా మా పండుగ అదే. తర్వాత తర్వాత సరుకు కోల్డ్ స్టోరేజీలకు పోవడం మొదలైంది, చిన్న షావుకారు కాలం చేశాడు, గోదాం అద్దెకు పోయింది. అక్కడితో ఆ పాటలు ఆగిపోయాయి.

ఆ గోదాంకు ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే దూరం నుంచి వచ్చిన వాళ్లది మొదటి పాట. సంతకు వచ్చిన దూరపు వాళ్లు సాయంత్రం ఆఖరి బస్సు అందుకోవాలి కదా, అందుకని ముందు వాళ్లను పాడనిచ్చేవాళ్లు. పోనుపోను అది ఒక గౌరవంగా మారింది. ఆ ఒక్క పాటకు మైకు ఉండదు, హార్మోనియం ఉండదు. గొంతు ఒక్కటే, లేదంటే వాళ్లు వెంట తెచ్చుకున్న వాయిద్యం. గోదాం మొత్తం ఊపిరి బిగబట్టి వినేది.

నాకు ఆ మొదటి పాట కావాలి. రెండోదో మూడోదో అయితే పనికిరాదు. మొదటిది అయిపోగానే మైకు వస్తుంది, ఏ శ్రుతి అని అడుగుతారు. నాకు వచ్చినవి మా కోంటా వైపు నాట్ల పాటలు. బురదలో వంగి పాడేవాటికి శ్రుతేమిటో ఎవరికి తెలుసు? కానీ నా ఇల్లు గోదాం వెనక సందులోనే. నా అంత దగ్గరి మనిషి ఆ గోదాంలో ఇంకొకరు లేరు. తలుపు దగ్గర కాటా పక్కన కూర్చుని, ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు నా పాట ఎత్తుకుపోతున్నట్టు చూసేదాన్ని. నాతో పాటు గింజ తీసే ఒకామె నా మొహం చూసి ఎగతాళి చేసింది.

"నువ్వు పాడాలంటే ముందు ఈ ఊరిడిచి పోవాలె."

ఆమె నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే కదా, ఊరు వదిలి మళ్లీ వస్తే సరి!

శుక్రవారం కోంటా దగ్గర మా పుట్టింటికి బస్సెక్కాను. పండుగ లేదు, పబ్బం లేదు, వానలో ఊడిపడ్డ నన్ను చూసి మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"కొట్లాడి వచ్చినవా?"

కాదంటే నమ్మలేదు. ఆదివారం తెల్లవారకముందే మళ్లీ బయలుదేరుతుంటే, రాజీ కుదిరిందనుకుని సంబరపడి అన్నం మూట కట్టి ఇచ్చింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కళ్లు మూసుకుని నా పాటలు ఒక్కొక్కటే తలుచుకుంటున్నాను. బస్సు కదులుతుండగా ఒక ముసలాయన ఎక్కాడు. యూరియా సంచిలో చుట్టిన పెద్ద గుండ్రటి మూటను, చంటిపిల్లను పట్టుకున్నట్టు, వానకు తడవకుండా గుండెకు హత్తుకున్నాడు. నిలబడితే ఆ మూట నలిగిపోయేలా ఉంది. లేచి సీటు ఇచ్చాను. కాళ్ల మధ్య ఎవరివో కోళ్లు, వెనక నుంచి తోపులాట. అయినా నాకు ఏ బాధా అనిపించలేదు. సాయంత్రం మొదటి పాట నాదే కదా!

సుక్మా దాటాక పోలీసు క్యాంపు దగ్గర తనిఖీకి బస్సు ఆపారు. జవాను ఆ మూట విప్పమన్నాడు. విప్పితే డప్పు. నిజంగా డప్పేనా, వాయించి చూపించు అన్నాడు. తాత కిందకు దిగి, చెట్టు కింద నిలబడి, పుల్లతో ఒక్క దెబ్బ వేశాడు. కంచు మోగినట్టు మోగింది. జవాను కూడా తలాడించాడు. తాత సంచి మళ్లీ జాగ్రత్తగా చుట్టి సీట్లో కూర్చున్నాక, ఎక్కడికి ప్రయాణమని అడిగాను.

"జగదల్‌పూర్‌ల చింతపండు గోదామంట బిడ్డా. దూరపోళ్లకు ముందు పాట ఇస్తరంట. మా అల్లుడు చెప్పిండు."

"మీది ఏ ఊరు?"

"భద్రాచలం అవతల. నిన్న రాత్రే బయలెల్లిన."

అంతసేపూ తెలియని నొప్పులన్నీ ఒక్కసారి తెలిశాయి. నోరు ఆగలేదు.

"ముందే తెలిస్తే నీకు సీటు ఇయ్యకపోదును."

"ఏంది బిడ్డా, గట్లంటవ్?"

అంతా చెప్పేశాను. పుట్టింటికి పోవడం, అమ్మ అనుమానం, శ్రుతి గొడవ, అన్నీ. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. బస్సులో వాళ్లు కూడా నవ్వారు. నవ్వి నవ్వి, లేచి సీటు చూపించాడు. నాకొద్దన్నాను.

"అలిగినవా?"

"అలగలే."

"అలిగిన మొకం నాకు తెల్వదా? నలుగురు ఆడపిల్లల తండ్రిని."

దర్భా ఘాట్ కొండదారి ఎక్కేంతసేపూ నేను కిటికీ బయటకే చూశాను. ఆయన నేను సీట్లోనే వదిలేసిన మా అమ్మ మూటలోంచి సగం అన్నం తిని, చాలా బాగుందన్నాడు. అదీ నచ్చలేదు నాకు.

గోదాం చేరేసరికి జనం నిండిపోయారు. చిన్న షావుకారు మధ్యలో నిలబడి ఎప్పటిలాగే అడిగాడు, ఇవాళ దూరం ఎవరిది అని. ఎవరో తోంగ్‌పాల్ అన్నారు. నేను కోంటా అన్నాను. వెనక సందులో నా ఇల్లు తెలిసిన వాళ్లంతా ఘొల్లుమన్నారు. మొన్నటి నుంచి అక్కడే ఉండి వచ్చానని ఒట్టేశాను. అప్పుడు తాత మెల్లగా తన ఊరు చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. ఇంకేముంది, మొదటి పాట ఆయనది. నేను పోయి కాటా పక్కన కూలబడ్డాను.

తాత మధ్యలోకి నడిచి, సంచి విప్పి, డప్పు మీద అరచెయ్యి ఆనించి, పెదవి విరిచాడు.

"తోలు మెత్తబడ్డదయ్యా. వాన దెబ్బ. కాచుకోవాలె. అది కాగేదాక మా కోంటా బిడ్డ పాడుతది."

నాకు అర్థం కాలేదు. పొద్దున కంచులా మోగిన డప్పు! మూట మీద ఒక్క చుక్క పడలేదు, నా సీట్లోనే కదా పొడిగా కూర్చుని వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆయన వెనక పంచలోకి పోయి, మేము కొట్టి పోసిన చింతపెంకులు కుప్పేసి మంట పెట్టించుకున్నాడు.

లేచి నిలబడ్డాను. మైకు లేదు, హార్మోనియం లేదు, ఒక్క దగ్గు లేదు. మా నాట్ల పాటే ఎత్తుకున్నాను. "వాన ముందొచ్చిందా, వదినె ముందొచ్చిందా, మడిలోకి?" నా గొంతు రేకుల దాకా పోయి తిరిగి నా మీదకే వచ్చింది. అది నాదేనా అనిపించింది. రెండో చరణానికి తలుపు దగ్గర నన్ను ఎగతాళి చేసినామె వంత అందుకుంది. ఆమె వెనక మిగతా కూలీలందరూ. పాట అయిపోగానే చిన్న షావుకారు పంచ వైపు కేకేశాడు, కాగిందా తాతా అని.

"ఇంక లే. ఇంకోటి పాడనియ్యి."

ఇంకోటి పాడాను. మళ్లీ అడిగారు. మళ్లీ కాగలేదన్నాడు. మంట ఎప్పుడో ఆరిపోయింది. తాత ఆ బూడిద మీదే డప్పును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. నాకు వచ్చిన పాటలన్నీ అయిపోయాకే లేచి వచ్చి దెబ్బ వేశాడు. క్యాంపు దగ్గర మోగినట్టే మోగింది.

ఆయన పాడింది ఒక్కటే. ఆఖరి బస్సు వేళయింది. నేను ముందే బస్టాండుకు పరుగెత్తాను. కోంటా బస్సు చుట్టూ సంత జనం. కిటికీలోంచి నా తువ్వాలు సీటు మీద పడేసి, ఎవరూ తీయకుండా చేయి లోపల పెట్టి కాపలా కాశాను. తాత మూటతో సహా ఎక్కి కూర్చుని, తువ్వాలు దులిపి నా చేతికి ఇచ్చాడు.

"ఈసారి తెలిసే ఇస్తున్నవా బిడ్డా?"