సమయాభావం వల్ల

మన సభల్లో శాలువాలు కప్పడానికి ఎంత టైమైనా దొరుకుతుంది. సభ ఎవరి కోసం పెట్టారో వాళ్లు నోరు తెరిచే వేళకి మాత్రం సమయాభావం వచ్చిపడుతుంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓ హాల్లో నా కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా చెల్లెలికి డౌన్ సిండ్రోమ్. ఇరవై దాటాయి. నాన్న ఉద్యోగం కోసం అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డాక పుట్టింది, అందుకే మా ఇంట్లో అసలైన హైదరాబాదీ అదే. ఓపెన్ స్కూల్లో పది పాసయ్యింది. మా ఇంటికి దగ్గర్లో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో ఆఫీసు పనులు నేర్పుతారని తెలిసి చేరతానని పట్టుబట్టింది. ఫోన్లు మాట్లాడటం, జిరాక్సులు తీయడం, కంప్యూటర్లో టైపు చేయడం అంటే దానికి మహా ఇష్టం. సరేనని తీసుకెళ్లాను. ఆ డైరెక్టరు చెల్లెలి ముందే, "ఏమనుకోకండి మేడం, మిగతా స్టూడెంట్స్ డిస్టర్బ్ అయితరు. ఇసుంటోళ్లకు వేరే స్కూళ్లున్నయి గదా" అన్నాడు. దానికేమన్నా చెవుడా? ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ, తినకుండా, "నేనేం డిస్టర్బ్ చేసినక్కా?" అని అడుగుతూనే ఉంది.

కొన్ని నెలలకు అదే కేంద్రం నుంచి ఫోను. డౌన్ సిండ్రోమ్ దినోత్సవం జరుపుతున్నారట! క్యాంపస్‌లో హాలు తీసుకున్నారట! మా చెల్లెలు విశిష్ట అతిథి అట, ఐదు నిమిషాలు మాట్లాడాలట! సిగ్గు లేకపోతే సరి. నేను ఫోన్ పెట్టేయబోతుంటే చెల్లెలు అడ్డుపడింది.

"నేను పోతా. సార్‌ను అడుగుతా, ఎందుకు వద్దన్నరని."

ఆ ఒక్క ప్రశ్న అడగడానికే రోజూ అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసింది. దానికి కొన్ని మాటలు తొందరగా తిరగవు. అమ్మ పక్కన కూర్చుని, "నిదానంగా చెప్పు మే, ఎవురూ తరమడంలే" అనేది.

ఆ రోజు పదిన్నరకు మొదలవ్వాల్సిన సభ పన్నెండు దాటాక మొదలైంది. కుర్చీలు చాలక వేదిక మీద రెండో వరుస వేశారు. ఒక్కొక్కరినీ పేరుపేరునా సాదరంగా ఆహ్వానించడం, బొకే, శాలువా, మెమెంటో, ఫొటో. ఒకాయన ఫొటోలో కళ్లు మూసుకున్నాడని, కప్పిన శాలువా తీసి మళ్లీ కప్పారు! చెల్లెలికీ ఒకటి కప్పి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. తర్వాత ప్రసంగాలు. వీళ్లు దేవుడి బిడ్డలన్నాడొకాయన. వీళ్లకు కోపమంటే ఏమిటో తెలియదన్నాడు ఇంకొకాయన. బాబూ, ఒక పూట మా ఇంటికొచ్చి దాని చేతిలోంచి టీవీ రిమోట్ లాక్కుని చూడు! ఈ సోదంతా సాగుతుంటే అది పెదాలు కదుపుతూ తన మాటలు వల్లె వేసుకుంటోంది.

దాని వంతు రాబోతుండగా మైకు దగ్గరున్న అమ్మాయి, "సమయాభావం వల్ల నేరుగా వందన సమర్పణకు వెళ్దాం. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వేదిక ఎక్కేశాను.

"మా చెల్లెలు మాట్లాడాలి కదా?"

"మేడం, హాల్ ఖాళీ చెయ్యాలె. ఫొటో అయింది గదా మేడం" అంది మైకమ్మాయి.

"ఫొటో కోసం పిలిచారా మీరు?"

"గొడవ పడగాకు మే, అందరూ చూస్తాండారు" అని కింద నుంచి అమ్మ. చూడనీ!

మేమిలా పోట్లాడుతుండగానే చెల్లెలు లేచి మైకు అందుకుంది.

"నమస్తే. నేను మీ సెంటర్‌కు వచ్చిన. నేర్చుకుంటా అన్న. సార్ వద్దన్నరు. ఎందుకు వద్దన్నరు సార్?"

కాస్త తడబడింది. అయినా వెనక వరుస దాకా వినబడింది.

డైరెక్టరు లేచి, నవ్వు పులుముకుని చప్పట్లు కొట్టాడు. "శభాష్! ఎంత ముద్దుగా మాట్లాడింది!" అంతే, హాలంతా చప్పట్లు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ప్రశ్న అడిగితే చప్పట్లేమిటి? మీ అబ్బాయికి సీటెందుకివ్వలేదని మీరు నిలదీస్తే ఇలాగే చప్పట్లు కొడతారా ఎవరైనా?

చెల్లెలు ఆ మోత ఆగేదాకా ఆగింది. "అడిగిన సార్. చెప్పుండ్రి" అంది.

ఈసారి ఒక్క చెయ్యీ కదల్లేదు. కేంద్రంలో అంత తేలిగ్గా అనేసిన మాట ఇప్పుడు మైకు ముందు, దాని మొహంలోకి చూస్తూ అనాల్సొచ్చేసరికి డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. "భోంచేసి వచ్చి మాట్లాడుకుందాం తల్లీ" అన్నాడు.

"మీరు తినుండ్రి. నేను గీడనే ఉంట."

బిర్యానీ గిన్నెలు ఖాళీ అయ్యాయి, జనం వెళ్లిపోయారు, కుర్చీలు ఎత్తేశారు. ఆయన రాలేదు. కనుక్కుంటే, వేదిక వెనక తలుపు నుంచి ఎప్పుడో వెళ్లిపోయాడట. నాకు కోపంతో ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని ఇక్కడిదాకా తీసుకొచ్చి మళ్లీ అదే అవమానం చేయించానే అని.

చెల్లెలు శాలువా తీసి కుర్చీ మీద పడేసింది.

"ఏడుస్తవేందక్కా? రేపు సెంటర్‌కు పోదాం. గాడ ఎనుక తలుపు లేదు."