గుండం ఒడ్డున ఆరు గీతలు

నాకు యాభై ఒకటో ఏట అక్షరాలు వచ్చాయి. ఇది అంతకుముందు జరిగింది, అందుకే అప్పుడు రాయలేకపోయాను అంటే సగమే నిజం. అక్షరాలు వచ్చాక రెండేళ్ళపాటు కిరాణా చీటీలు రాశాను, మా అక్కకు ఉత్తరాలు రాశాను. దీని జోలికి మాత్రం పోలేదు. రాయాలంటే మొదట నేను ఆడిన అబద్ధం రాయాలి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం అది. మార్కాపురంలో పలకల కార్ఖానాలో పలకలు ఎంచి కట్టలు కట్టడం నా పని. మా వీధి చివర రిటైరైన డ్రిల్లు సారు ఉండేవారు. కాలేజీ పిల్లలకు ఒక చేని బావిలో ఈత నేర్పేవారు. బావి నీళ్ళు పచ్చగా ఉంటాయి, లోపల ఏమీ కనపడదు. కళ్ళకు కట్టుకునే అద్దాలు, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే గొట్టాలు హైదరాబాదు నుంచి తెప్పించి, పిల్లలను ఎక్కడైనా తేటనీటిలో దింపాలని ఆయన కోరిక. గిద్దలూరు అవతల, కొండ కింద, మా పుట్టింటి ఊరి దగ్గర ఒక గుండం ఉందని చెప్పింది నేనే. అడుగున ఇసుకను ఎగదోసుకుంటూ ఊట పుడుతుంది. నడివేసవిలో కూడా లోపలి రాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తాయి.

వీధిలో అందరూ నవ్వారు. ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఒకామె, "తాగను నీళ్ళు లేక మనం కొట్లాడుకుంటుంటే, మునగను గిద్దలూరు పోతారంట! వచ్చేటప్పుడు రెండు బిందెలు పట్టుకోని రాండి" అంది.

రెండు వారాలు సాయంత్రాలు సారు అరుగు మీద కూర్చుని అన్నీ అనుకున్నాం. ఎటువైపు లోతు, ఎక్కడ పాచి, ఏ బండ కిందికి పోకూడదు అన్నీ నేను చెబుతుంటే ఆయన కాగితం మీద గీసుకున్నారు. తెల్లవారి మొదటి బస్సుకు గిద్దలూరు, అక్కడి నుంచి ఆటో. ఎండ నడినెత్తికి రాకముందే దిగి, ఎక్కేయాలి. ఇద్దరిద్దరు జోడీ. మోకు ఒకటి, లారీ ట్యూబు ఒకటి. ఒడ్డున ఒకరు లిస్టు పట్టుకుని ఉండాలి. దిగినవాళ్ళ పేరు ముందు చుక్క పెట్టాలి, బయటికి వస్తే పేరు మీద గీత కొట్టాలి.

"నేనుంటా సార్. వంట ఎట్లాగూ నాదే గదా" అన్నాను.

"లిస్టు సూసుకుంటావా అమ్మా?"

"సూసుకుంటా."

చదువు వచ్చా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అన్ని సాయంత్రాలు కొండ గురించి, నీళ్ళ గురించి పెద్దమనిషిలా మాట్లాడాక, చివర్లో ఆ ఒక్కమాట నోటికి రాలేదు.

మా ఎదురింటామె తన కూతురిని పంపనని మొండికేసింది. నన్ను వదినా అనేది. "నీళ్ళల్లో మొహం పెట్టి తేలడమేంది వదినా, సచ్చినోళ్ళ మాదిరి!" అంది. రెండు రోజులు ఆలోచించి మళ్ళీ వచ్చింది. "ఒడ్డున నువ్వుంటావంట గదా. నిన్ను జూసి పంపిస్తాండా, సారును జూసి కాదు."

ఆరుగురు దిగారు. సారు ట్యూబు మీద మధ్యలో ఉన్నారు. నేను పొయ్యి పక్కన ఆరు గులకరాళ్ళు పెట్టుకున్నాను. పైనుంచి కిందికి ఆరు చుక్కలు పెట్టాను. కార్ఖానాలో మాది ఇదే లెక్క. పది పలకలకు ఒక పెంకు పక్కన పెడతాం. కట్టలో ఒకటి పగిలితే పక్క దొంతిలోంచి ఒకటి తీసి పెడితే సరిపోతుంది. ఏ పలక అని ఎవరూ అడగరు, నూటికి నూరు ఉంటే చాలు. తడిసిన తల ఒకటి నా వెనకగా పోయినప్పుడల్లా ఒక రాయి విసిరేశాను, లిస్టులో ఒక గీత కొట్టాను.

నేను గంజి వారుస్తుండగా, మమ్మల్ని తెచ్చిన ఆటో అతను, "ఈ ఎండకు నేనూ ఒగ మునక ఏస్తా" అంటూ చొక్కా విప్పి అటు ఒడ్డున దిగాడట. తల మీద తువ్వాలు కప్పుకుని పైకొచ్చినప్పుడు, పిల్లల్లో ఒకరనుకుని అతనికీ ఒక రాయి విసిరాను, ఒక గీత కొట్టాను.

చివరి రాయి ఎదురింటి అమ్మాయికి జోడీగా దిగిన పిల్లది. అద్దంలోకి నీళ్ళు వచ్చాయని తుడుచుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, ఆ పిల్ల వచ్చిందా? బండ కాడ కనపళ్ళా" అంది.

రాళ్ళన్నీ అయిపోయాయి కదా. లిస్టు తీసి, చదువుతున్నట్టు వేలు పైనుంచి కిందికి జరిపి చూపించాను. "వచ్చింది. గీత కొట్టినా, సూడు."

ఆ పిల్ల చూసింది. ఆరు పేర్ల మీదా గీతలున్నాయి. నా వేలు ఏ పేరు దగ్గర ఆగిందో నాకు తెలియదు.

"అందరూ వచ్చినట్టేనా?" అని సారు నీళ్ళలోంచి అరిచారు. వచ్చినట్టే అన్నాను. ఆయన మోకు చుట్టుకుని పైకి వచ్చారు.

కొంత దూరంలో మామిడిచెట్ల కింద ఎనిమిది విస్తళ్ళు వేశాను. అందరూ కూర్చున్నాక ఒకటి మిగిలింది. "నాకు రెండు పెట్టు పెద్దమ్మా" అని ఆటో అతను నవ్వాడు. సారు అతని తడిసిన తల చూశారు, ఖాళీ విస్తరి చూశారు. మరుక్షణం గుండం వైపు పరుగెత్తారు.

ఊట పుట్టే చోటు చూద్దామని ఎదురింటి అమ్మాయి వద్దన్న బండ కిందికి పోయింది. కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. నోటి పైదాకా నీళ్ళు. గొట్టం కొస బెత్తెడు మాత్రం పైన ఉంది. మేము అన్నం వడ్డించుకున్నంతసేపూ ఆ బెత్తెడుతోనే ఊపిరి పీల్చింది. సారు మునిగి రాయి కదిలిస్తే, చీలమండ దగ్గర తోలు లేచి, కాలు బయటికి వచ్చింది. ఒడ్డున చాలాసేపు వణికాక నాతో అంది. "పిలుద్దామనుకున్నా అత్తా. గొట్టం తీస్తే నీళ్ళు. పెట్టుకుంటే మాట రాదు."

సారు కోపమంతా జోడీ పిల్ల మీద చూపారు. "జోడీని ఇడిసిపెట్టి ఎట్ల వచ్చినావు? బుద్ధుండాదా నీకు?"

"పెద్దమ్మ లిస్టు జూసి..." అని ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"లిస్టు కాగితం. నీకు కండ్లు లేవా?"

ఆ పిల్ల ఏడ్చింది. నేను ఇసుకతో గిన్నె తోముతూ కూర్చున్నాను. అప్పటికే తోమిన గిన్నె అది.

రాయి మీద కాలు జారిందని ఇంట్లో చెబుదామని బస్సులో అందరూ అనుకున్నారు. నేనూ తలూపాను. సాయంత్రం ట్యాంకరు వచ్చినప్పుడు ఎదురింటామె తను పట్టుకున్న బిందె తెచ్చి నా గడపలో దించింది. "నువ్వుండావు గాబట్టి కాలితో పోయింది వదినా. అలిసిపోయింటావు, నీళ్ళకు రాబాకు" అంది. ఆ నీళ్ళు తాగలేకపోయాను, పారబోయలేకపోయాను.

మర్నాడు తెల్లవారగానే లిస్టు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి పసుపు పట్టీతో మంచం మీద నిద్రపోతోంది. కాగితం తల్లి చేతికిచ్చాను. "ఇందులో నీ కూతురి పేరు యాడుందో నాకు తెల్వదు. నాకు సదువు రాదు. తలకాయలు లెక్కపెట్టి గీతలు కొట్టినా. పిల్ల నీళ్ళల్లో ఉండంగానే వచ్చిందని చెప్పినా" అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆమె కాగితం చూసింది. తిడుతుందని నిలబడ్డాను. "నీ పాపానికి తిట్లు తిన్నింది ఇంగొక పిల్ల గదా. దానికి చెప్పినావా?" అంది.

"లేదు."

"మరి ఈడ నిలబడితే ఏంది?" అని లోపలికి పోయి తలుపు మూసుకుంది.

జోడీ పిల్ల ఇల్లు రెండు వీధుల అవతల. వెళ్ళి, ఆ పిల్లను వెంటబెట్టుకుని సారు అరుగు మీదికి వచ్చి, తప్పు నాదని ఆ పిల్ల ఎదుటే ఆయనకు చెప్పాను.