మిరప తొడిమలతో తోడుకున్న పెరుగు

విశాఖపట్నం వైపు నుంచి చెరకు పనికి ఫిజీ వచ్చిన అచ్చియ్యమ్మకు అక్కడ కరువైంది పెరుగు. లంబాసా దగ్గర కూలీల లైన్లలో కుటుంబానికో ఇరుకు గది. బియ్యం, పప్పు రేషన్లో వచ్చేవి. పాడి ఎవరికీ లేదు. ఎండలో చెరకు మొక్కల మధ్య కలుపు తీసి వచ్చిన రోజున ఇంత చల్ల పోసుకుని అన్నం తినాలని ప్రాణం లాగేది.

1911లో లైన్లలోనే ఉండే బలరాంకీ, కుంతికీ పెళ్లి కుదిరింది. అచ్చియ్యమ్మ భర్త గోవిందస్వామికి నలుగురిలో మాట ఇచ్చేయడం సరదా. పెళ్లి భోజనంలో పెరుగు తమదేనని చెప్పి వచ్చాడు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం తీరి దగ్గర్లోని వాయిలేవులో సొంత సేద్యం చేసుకుంటున్న రామ్ ప్రసాద్ తన ఆవుల పాలు ఇస్తానన్నాడట.

"పాలిత్తాడు సరే, తోడెవుడిత్తాడు?" అంది అచ్చియ్యమ్మ.

గోవిందస్వామి మొహం వేలాడేశాడు. "పాలుంటే పెరుగైపోదేటే?"

"ఎలాగవుద్ది? కూసింత పాత పెరుగెయ్యాల. ఈ లైన్ల మొత్తం మీద ఒక్క సుక్కుందా?"

పాలు తెప్పించి నిమ్మకాయ పిండి చూసింది. కళ్ల ముందే పాలు విరిగి, ముద్దలు ఓ పక్క, నీళ్లు ఓ పక్క అయ్యాయి. పక్క గదిలోని రాజ్‌కుమారి, ఉత్తరాదిన బస్తీ జిల్లా మనిషి, తొంగి చూసి పకపకా నవ్వింది.

"అరే బహినీ, ఈ దహీ నహీ, ఛేనా హోయ్ గయా!"

ఇది పెరుగు కాదు, విరిగిన పాలముద్ద అని వెక్కిరిస్తూనే, ఆ ముద్దలను ఉప్పూ కారం వేసి ఆమే వేయించింది. ఇద్దరూ కమ్మగా తిన్నారు గానీ పెరుగు సంగతి తేలలేదు. చింతపండుతోనూ అదే గతి పట్టింది.

ఒంటరి మగవాళ్లకు వంట చేసిపెట్టే అరవ ముసలాయన సుబ్రమణి ఈ అవస్థ విని వచ్చాడు. "మా అమ్మ పచ్చిమిరపకాయ తొడిమలు వేసేదమ్మా. చిన్నప్పుడు చూసినాను" అన్నాడు.

"పెళ్లోరికి కారం పెరుగెడతామేటి!" అని గోవిందస్వామి నవ్వాడు. అచ్చియ్యమ్మ నవ్వలేదు. గోరువెచ్చని పాలలో గుప్పెడు తొడిమలు వేసి, మూత పెట్టి, గిన్నెను పొయ్యి పక్కన వెచ్చగా ఉంచింది.

నిమ్మరసంలో ఉన్నది ఒట్టి పులుపు. అది ఒక్కసారిగా పాలమీద పడి విరిచేస్తుంది. పెరుగును చేసేవి కంటికి కనపడని జీవులు. అవి పాలలోని తీపిని తింటూ నిదానంగా పులుపు పుట్టిస్తాయి, అందుకే పాలు విరగకుండా గడ్డకడతాయి. మిరప తొడిమల మీద కూడా అలాంటి జీవులు కాపురం ఉంటాయి. అచ్చియ్యమ్మకు ఇదేమీ తెలియదు. మర్నాడు మూత తీసేసరికి పాలు జారుగా, తీగలు సాగుతూ కనిపించాయి. వాసన మాత్రం పెరుగుదే.

"ఓలమ్మో, వచ్చింది!" అని అరిచింది. రాజ్‌కుమారి చేతిలో పిండితోనే పరుగెత్తుకొచ్చింది.

అందులోంచి చెంచాడు తీసి కొత్త పాలకు తోడు పెట్టారు. ఈసారి గిన్నె వంచినా కదలనంత గట్టిగా తోడుకుంది. గోవిందస్వామి భయంభయంగా నాలుకకు రాసుకున్నాడు.

"కారం లేదే!"

"తొడిమలే గదా ఏసింది, కాయలేసానేటి?"

పెళ్లినాడు కుండలకు కుండలు ఖాళీ అయ్యాయి. హుషారులో తారుమారుగా దహీ అని తెలుగువాళ్లనూ, పెరుగు అని హిందీవాళ్లనూ అడుగుతూ గోవిందస్వామి వరసల మధ్య తిరిగాడు. కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ కూడా పెరుగు కోసం మూడోసారి ఆకు చూపించాడు. సుబ్రమణి అన్నం బాగా పిసికి, పెరుగు కలుపుకుని, కళ్లు మూసుకుని ఒక ముద్ద తిన్నాడు.

"మా అమ్మది ఇంకొంచెం పుల్లగా ఉండేది" అన్నాడు.

"రేపు నీకు పులిసిందెడతానులే, తాతా!" అంది అచ్చియ్యమ్మ, ఇంకో గరిటె వడ్డిస్తూ.

మర్నాడు తోడు కోసం కొబ్బరి చిప్పలు పట్టుకుని ఆడవాళ్లు గుమ్మంలో చేరారు. గోవిందస్వామి గర్వంగా ముందుకొచ్చి, "దీపావళికి లైన్లన్నిటికీ మనమే..." అని మొదలుపెట్టాడు.

అచ్చియ్యమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ముందు రామ్ ప్రసాద్ ఆవులకి గడ్డి కోసుకురా" అంది.