పేరు చెప్పని కామెంటరీ

అశోక్‌నగర్‌ల గ్రూప్స్‌కు చదువుకుంట నేను కిరాయికున్న ఇంటి ఓనర్ సారు, ఒకప్పుడు రేడియోల హాకీ కామెంటరీ చెప్పినాయన. గోల్ కొట్టినోని పేరు రెండుసార్లు పలికేటోడు. ఎవలన్న గోల్ మిస్ చేస్తే మాత్రం పేరు ఎత్తకపోయేటోడు. "బాల్ బయటికి పోయింది" అని ఊకునేటోడు. ఎందుకట్ల అని ఒకనాడు అడిగిన.

"ఇంటికాడ వాళ్లమ్మ రేడియో పెట్టుకొని కూసుంటది గదయ్యా" అన్నడు.

నా పరీక్ష పోయిననాడు మెట్లకాడ ఎదురైండు. రిజల్ట్ సంగతి అడగలే. "పా, చాయ్ తాగుదాం" అని చిక్కడపల్లి దాక నడిపించుకపోయిండు.

ఈ యాడాది సర్కారు ఒక రోజును ఆయన పేరు మీద ప్రకటించింది. నారాయణగూడల సన్మానం చేసిండ్రు. శాలువ కప్పినంక ఒక పెద్దాఫీసరు మైకుల అడిగిండు.

"చిన్నప్పుడు మీ ఫైనల్ కామెంటరీ ఇన్న సార్. ఆఖరి పెనాల్టీ స్ట్రోక్ మిస్ చేసింది ఎవలు? ఇయ్యాలన్న చెప్పుండ్రి."

హాలంత నవ్విండ్రు. అండ్ల నవ్వేదేముందో నాకు తెల్వదు. నా పక్క కుర్చీల ఉన్న ముసలాయన నవ్వలే. చేతికర్రను గట్టిగ పట్టుకొని తల దించుకున్నడు.

సారు మా వరుస దిక్కు ఒకసారి చూసి, మైకు దగ్గరికి గుంజుకున్నడు.

"బాల్ బయటికి పోయింది సార్" అన్నడు.

ముసలాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"మా అమ్మ పోయి ఎన్నేండ్లాయెనో" అన్నడు నాతోని. "ఈయన ఇంకా పేరు చెప్తనే లేడు."