గుమ్మటం మీద అద్దం ముక్క

ఇన్నేళ్లుగా ఈ బరువు నేనొక్కడినే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఎక్కడో క్వారీలో రాయి పేల్చినా చేతిలో పని ఆపేస్తాను. ఏం పడిందో అని ఆ గుమ్మటం వైపే చూస్తాను. ఏమీ పడలేదు. ఇంకా పడలేదు.

బనగానపల్లె పక్కన మాకు మామిడి తోట ఉంది. నాన్న దాన్ని చూసుకుంటే నేను కట్టుబడి కాంట్రాక్టుల్లో పడ్డాను. మా వైపు ఒక పాత చర్చి ఉంది. రోములోని పెద్ద బసిలికా చర్చిని చూసొచ్చిన తెల్లదొర ఫాదరు ఒకాయన దాని గుమ్మటాన్నే చిన్నదిగా, ఇక్కడి రాళ్లతో, సున్నంతో కట్టించాడట. ఊరి పేరు రాయను. అలాంటి గుమ్మటం మా చుట్టుపక్కల ఇంకోటి లేదు, తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

దాని మరమ్మతు నాకిచ్చారు. గుమ్మటం అడుగు అంచున పాత గార కొట్టేస్తుంటే లోపల తుప్పు పట్టిన ఇనుప పట్టీ బయటపడింది. వాన నీటి గొట్టం దింపడానికి సరిగ్గా అదే అడ్డం. ఎవరినైనా అడగాలి కదా? అడగలేదు. రాతి కట్టడానికి ఇనుముతో పనేంటిలే అనుకుని గ్రైండరుతో జానెడు కోయించి, పైన సిమెంటు పూయించాను. తెగినప్పుడు ఠంగుమంది. పనికిరాని ఇనుముకు అంత బిగువెందుకు? ఆ అనుమానం అప్పుడే వచ్చింది, నేనే పట్టించుకోలేదు.

ఆ వానాకాలం పోయాక గుమ్మటం లోపల సన్నటి బీట కనిపించింది. అప్పటి ఫాదరు నంద్యాల వైపు మనిషి, పెద్దాయన. నాతో పాటు పరంజా ఎక్కి, బీటకు అడ్డంగా పలుచటి అద్దం ముక్క అతికించాడు. బీట కదిలితే అద్దం పగులుతుంది.

"రోములో గుమ్మటం గూడా బీటలిచ్చిందంటప్పా," అన్నాడు అతికిస్తూ. "చుట్టూ ఇనుప గొలుసులు బిగించినారు. రాయి బయటికి తోస్తాంటాది, ఇనుము పట్టుకుంటాది. మనదాంట్లో గూడా ఆ దొర ఏదో పెట్టించే ఉంటాడు."

నేను కోయించింది అదేనని అప్పుడు అర్థమైంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆయన వెనకే పరంజా దిగిపోయాను.

చర్చిలో మాత పండుగ ముందు రోజు పొద్దున ఒక్కడినే ఎక్కి చూశాను. అద్దం రెండు ముక్కలై ఉంది. పండుగ ఆపితే ఎందుకని అడుగుతారు, అడిగితే గార తవ్వుతారు, తవ్వితే నా పని బయటపడి ఈ చుట్టుపక్కల నా పేరు చెడుతుంది. నేను ఆలోచించింది అంతే, కింద కూర్చునే జనం గురించి కాదు. ఇంకో ముక్క కోయించి తెచ్చి అదే చోట అతికించాను. పగిలినవి జేబులో వేసుకుని దిగాను.

సాయంత్రం ఫాదరు కింద నుంచే అడిగాడు.

"అద్దం ఎట్లుండాదప్పా?"

"గట్టిగా ఉండాది ఫాదర్."

"పగల్లేదు గదా? రేపు జనం శానా మంది వస్తారు."

"లేదు ఫాదర్. నేనే చూసినా."

"నువ్వు చూసినావంటే ఇంక నాకు భయం లేదు," అని ఆయన తలుపులు బార్లా తీయించాడు.

పండుగ జరిగింది. లోపల పిల్లలు పాడుతుంటే నేను ప్రహరీ పక్కన నిలబడి గుమ్మటాన్నే చూస్తున్నాను. హిందువును కాబట్టి లోపలికి రాలేదని అందరూ అనుకున్నారు. కాదు, నాకు భయం. ఆ తర్వాత కొన్నేళ్లకు ఫాదరు పోయారు. ఆయన శవపెట్టెను సరిగ్గా గుమ్మటం కిందే పెట్టారు. నన్ను అంత నమ్మిన మనిషిని చివరిసారి చూడడానికి కూడా నేను గడప దాటలేదు. ఎలాంటి మనిషిని నేను?

క్షమించమని అడగడం లేదు. అడగాల్సినాయన లేరు. ఇప్పుడున్న ఫాదరుకు నేనెవరో తెలియదు, ఎదురుగా వెళ్లి చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ మళ్లీ మాత పండుగ వస్తోంది.

ఆ చర్చివాళ్లెవరైనా ఇది చదివితే వినండి. గుమ్మటానికి ఉత్తరం వైపు, వాన గొట్టం వెనక, సిమెంటు రంగు తేడాగా కనిపిస్తుంది. అక్కడ తవ్వి చూడండి. తెగిన పట్టీ ఉంటుంది. కోయించింది నేనే. అద్దం మార్చింది కూడా నేనే. ఇంజనీర్లు వచ్చి చూసేదాకా ఆ గుమ్మటం కింద ఎవరినీ కూర్చోనివ్వకండి.

అమ్మయ్య, చెప్పేశాను. ఊపిరి ఆడుతోంది. భయం మాత్రం పోలేదు, ఆ బీట ఇంకా అక్కడే ఉంది.