పాపకు ముక్క అందించే చెయ్యి

మా వఠారంలో నడిమింటి పెద్దమ్మ పోయింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉండగా ఇంటి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వార్త వినగానే నా నోట "అయ్యో" రాలేదు. "పాప ఏం చేస్తా ఉండాది?" అనే వచ్చింది. "చెంబు పట్టుకోని కూచోనుండాది," అన్నారు.

పాప అంటే చిన్నపిల్ల అనుకునేరు. పెద్దమ్మ కూతురు, నాకంటే పెద్దది. మాట రాదు, వయసుతో పాటు బుద్ధి ఎదగలేదు. కదిరి వైపు నుంచి మేస్త్రీ పనికి వచ్చిన మొగుడు పోయాక, పెద్దమ్మ కన్నడ వాళ్ల ఊరైన ఈ హెబ్బగోడిలో ఒంటి గదిలోనే పాత చీరలతో బొంతలు కుట్టి పాపను సాకింది. నాకు ఆమె చుట్టం కాదు. తొంభైల చివర్లో నేను పెళ్లయి ఈ వఠారానికి వచ్చి, ఊరు కాని ఊర్లో పొద్దస్తమానం ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కూర్చోబెట్టింది. "ఎట్లాగూ ఏడుస్తా ఉండావు గదా, ఈ దారాలు కత్తిరిస్తా ఏడువు," అంది. ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకు గుర్తులేదు. నా పిల్లలిద్దరూ పుట్టగానే పడుకున్నది ఆమె బొంతల మీదే.

ఆ ఇంట్లో పని తీరు ఒకటుండేది. పెద్దమ్మ మిషన్ మీద రెండు ముక్కలు కలిపి కుట్టి పక్కకు అందిస్తుంది. పాప అందుకుని, విప్పి, వెనక మిగిలిన కుట్టు అంచును ఒక పక్కకు పడుకోబెట్టి, మరిగే నీళ్లు పోసిన ఇత్తడి చెంబుతో అదుముతుంది. ఇస్త్రీ పెట్టె పెడితే కరెంటు కాలుతుందని ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. చెంబులో నిప్పులు పోస్తే పాప చేతులు కాలతాయని పెద్దమ్మ ఒప్పుకోలేదు. "రుద్దొద్దు పాపా, గుడ్డ సాగుతాది. పెట్టు, అదుము, ఎత్తు." రోజంతా ఆ గదిలోంచి వినిపించే మాటలివే. అదిమాక పాప చెయ్యి చాచేది, ఇంకో ముక్క పడేది.

కుట్టు ఎప్పుడూ ముదురు రంగు పక్కకే ఒరగాలి. లేకపోతే లేత గుడ్డ కింద నీడలా కనపడుతుంది. పాపకు ఇది బాగా తెలుసు. కానీ వాళ్లమ్మ కట్టి విడిచిన చీర ముక్క వచ్చిందా, రంగూ లేదు, రూలూ లేదు. కుట్టు దాని పక్కకే పడుకునేది. బొంత కొన్నవాళ్లు అక్కడక్కడా ఆ నీడ చూసి అడిగితే, "అది మా ఇంటి గుర్తనుకోండి," అని పెద్దమ్మ నవ్వేసేది. నాతో మాత్రం, "ఎన్ని నీళ్లలో ఉతికినా నా చీరని దానికి తెలిసిపోతాదిమ్మే. ఏం చేసేది, సుమ్నే ఊరుకుంటా," అనేది.

పాపకు మిషన్ నేర్పాలని ఆమె పడని తిప్పలు లేవు. సూది కదిలితే చాలు, పాప రెండు చేతులూ చంకల్లో దాచుకునేది. "అదిమేది వచ్చు, కుట్టేది రాదు. నేను పోతే దీని చేతికి ముక్క ఎవురిస్తారు?" అని పెద్దమ్మ అన్నప్పుడల్లా, "నువ్వెక్కడికి పోతావులే," అని కొట్టిపారేసేదాన్ని. ఆస్పత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, మంచం మీంచి అదే మాట మళ్లీ అంది. ఈసారి కొట్టిపారేయలేకపోయాను. ఒక్క గది, మొగుడు, ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్త, నా షిఫ్టులు. "నేనిస్తా" అని అబద్ధమైనా ఆడదామనుకున్నాను, ఆమె దుప్పటి సర్దుతూ ఉండిపోయాను. ఆమే నా మొహం చూసి, "నిన్నడగలేదులేమ్మే. గోడకు చెప్పుకుంటా ఉండా," అంది.

పోయినామె గుడ్డలు ఇంట్లో ఉండకూడదని, చుట్టాల ఆడవాళ్లు చీరలన్నీ మూటగట్టి శవంతో పాటే పంపేశారు. బొంతలకని ఆమె కత్తిరించి పెట్టుకున్న ముక్కల గంప కూడా పోయింది. "ఆ గంప..." అన్నాను. ఎవరూ వినలేదు. పక్కింటి దాన్ని, గట్టిగా చెప్పడానికి నేనెవరిని?

దినాలయ్యాక అత్తిబెలె నుంచి పెద్దమ్మ తమ్ముడు ఆటో తెచ్చుకుని వచ్చాడు. మంచివాడే. "ఇంక నీకు ఏం పనీ లేదు పాపా, మా ఇంట్లో ఊరికే కూచోని తిను," అన్నాడు ప్రేమగా. ఆ మాటకే నాకు భయం వేసింది.

అతను సామాను సర్దుతుంటే నేను నీళ్లు కాచి చెంబులో పోసి, నా పాత చీర, జాకెట్టు చింపి, పెద్దమ్మ మిషన్ మీద రెండు ముక్కలు కలిపి అందించాను. పాప విప్పింది. కుట్టును ఇటు పడుకోబెట్టి చూసింది, అటు పడుకోబెట్టి చూసింది. అదమకుండా నా ఒళ్లో పెట్టేసి, చెయ్యి చాచింది. ఇంకోటి కుట్టాను. అదీ తిరిగొచ్చింది. వాళ్లమ్మ అందిస్తే ఎవరి గుడ్డైనా అదిమేది. "ఇదో పాపా, ముదురు రంగు ఈ పక్క ఉండాది," అని వేలు పెట్టి చూపించాను. నీళ్లు చల్లారితే మళ్లీ కాచాను. నా చీర అయిపోయింది.

"సాకమ్మా, ఇంక చాలు, ఆటో కాసుకోనుండాది," అన్నాడు తమ్ముడు.

పాప ఏడవలేదు. ఆటోలో కూర్చోబెడితే కూర్చుంది. చెయ్యి మాత్రం బయటికి చాచే ఉంది. ఇవ్వడానికి ఏమీ లేక నా చెయ్యే అందులో పెట్టాను. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మెల్లగా నా చెయ్యి నాకు ఇచ్చేసి, మళ్లీ చెయ్యి చాచింది.